కరోనా కాలం – మన ఇళ్ల వ్యాపారాలు – ప్రభుత్వ సాయం

ప్రతి సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, ఆటల పోటీల ఫలితాలు, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారి ఫోటోలు ఉంటాయి. ఈసారి వాటి మధ్య ఒక లెక్కల వ్యాసం కూడా ఉంటే బాగుంటుందనిపించి మేము కొందరం కూర్చుని దీన్ని రాశాము. లెక్కలు అనగానే పేజీ తిప్పెయ్యకండి. ఇవి మన ఇళ్ల లెక్కలే. మన డార్మిటరీలో ఏ మంచం దగ్గరికి వెళ్లి అడిగినా ఒకరి అమ్మ బజ్జీల బండి పెడుతుంది, ఒకరి నాన్న ఆటో తోలతాడు, ఇంకొకరి మేనమామ బస్టాండు మూలన చెప్పులు కుడతాడు. కూలి పనికి వెళ్లేవారి పిల్లలే మనలో ఎక్కువ. అయినా చిన్నదో పెద్దదో సొంత వ్యాపారం మీద బతికే ఇళ్లు కూడా తక్కువేమీ కాదు.

కరోనా వచ్చినప్పుడు ఆ వ్యాపారాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ప్రభుత్వాలు సాయం ప్రకటించాయి. లక్షల కోట్లు అని టీవీల్లో చెప్పారు. ఆ సాయం ఏ రూపంలో వచ్చింది, మన ఇళ్లకు కొంత వచ్చి కొంత ఎందుకు రాలేదు, అప్పుడు తీసుకున్న అప్పు ఇవాళ మన పైచదువుల దాకా ఎలా వచ్చి నిలబడుతుంది అన్నదే ఈ వ్యాసం.

2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. మర్నాటి నుంచి 21 రోజులు దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. ఆ 21 రోజులు మే 3 వరకు, తర్వాత మే 17 వరకు, ఆ తర్వాత మే 31 వరకు సాగాయి. అప్పటికే హాస్టళ్లు మూసేశారు. ట్రంకు పెట్టెలు సర్దుకుని ఇళ్లకు చేరిన పిల్లలకు మొదటి వారం పండుగ సెలవుల్లాగే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం అవి సెలవులు కావు.

వ్యాపారం ఆగితే ఏమవుతుంది? అమ్మకం ఆగుతుంది, ఖర్చు ఆగదు. ఒక టిఫిన్ బండిని లెక్కకు తీసుకుందాం. రోజూ పప్పు, రవ్వ, నూనె, గ్యాసు కలిపి 1,500 రూపాయల సరుకు పెడితే సాయంత్రానికి 2,100 వస్తుందనుకోండి. మిగిలిన 600తో ఇల్లు గడుస్తుంది. ఆ 1,500 మాత్రం ముట్టుకోకూడదు, అది రేపటి సరుకు. దాన్నే మన ఇళ్లలో రొటేషన్ డబ్బు అంటారు. బ్యాంకువాళ్లు వర్కింగ్ క్యాపిటల్ అంటారు. బండి ఆగిన మూడో రోజు నుంచి ఇంట్లో అందరూ ఆ రొటేషన్ డబ్బు తినడం మొదలుపెడతారు. వారం తిరిగేసరికి అది అయిపోతుంది. జూన్‌లో బండి పెట్టుకోవచ్చని చెప్పినప్పుడు బండి ఉంది, పొయ్యి ఉంది, చేతిలో పని ఉంది. మినప్పప్పు కొనడానికి డబ్బు లేదు. కరోనా తర్వాత ఎన్నో చిన్న వ్యాపారాలు మళ్లీ లేవలేకపోవడానికి కారణం ఇదే.

అలాంటి సమయంలో ఆ 1,500 ఎవరిస్తారు? రోజువారీ ఫైనాన్స్‌వాళ్లు ఇస్తారు. 10,000 రూపాయల నోటు రాయించుకుని, ముందే 1,000 పట్టుకుని, చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. చూడ్డానికి పది శాతం వడ్డీలాగే ఉంటుంది. కానీ రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి మన దగ్గర నిజంగా ఉన్న డబ్బు సగటున నాలుగున్నర వేలు, అదీ 100 రోజులే. బారువడ్డీ సూత్రం వేసి చూడండి, ఏడాదికి 80 శాతం దాటుతుంది. ప్రభుత్వ సాయం మంచిదా చెడ్డదా అని తూచేటప్పుడు తక్కెడలో రెండో వైపు ఈ 80 శాతాన్ని పెట్టి తూచాలి. ఊరికే గాలిలో తూచితే లెక్క తేలదు.

జబ్బు వల్ల దెబ్బతిన్న వ్యాపారానికి ప్రభుత్వం చేయగలిగేవి కొన్నే ఉన్నాయి. రావలసిన బాకీ ఇప్పుడు వద్దు, తర్వాత కట్టు అనొచ్చు. అప్పు ఇప్పించి దానికి తాను పూచీ ఉండొచ్చు. నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. ఒక్కోసారి వీటికన్నా ముందు జనం భయం పోగొట్టాల్సి వస్తుంది. లాక్‌డౌన్‌కు ముందే, కోడిమాంసం తింటే కరోనా వస్తుందని పుకారు లేచి కోళ్ల ఫారాలవాళ్లు నిలువునా మునిగారు. అప్పుడు 2020 ఫిబ్రవరి 28న హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గర జరిగిన చికెన్ మేళాలో తెలంగాణ మంత్రులు కె.టి.రామారావు, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదిక మీదే చికెన్ తిని చూపించారు. నవ్వొచ్చే విషయమే. అయినా ఖర్చు లేని సాయం. ఆదివారం స్పెషల్ కోసం ఎదురుచూసే మన హాస్టల్‌వాళ్లు ఆ మేళాను తప్పుపట్టరనే అనుకుంటున్నాము.

ఇక అసలు విషయానికి వద్దాం.

మొదట వచ్చింది మారటోరియం. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు, మార్చి నుంచి మే వరకు కట్టాల్సిన వాయిదాలకు మూడు నెలల గడువు ఇవ్వవచ్చని బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది. తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. మొత్తం ఆరు నెలలు. ఆటో లోను ఉన్న ఇళ్లలో ఆ రోజు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాని చాలామంది ఒక మాటను ఇంకో మాటగా అర్థం చేసుకున్నారు. వాయిదా వేయడం వేరు, మాఫీ చేయడం వేరు. కట్టని ఆరు నెలలకూ వడ్డీ నడుస్తూనే ఉంది. లక్ష రూపాయల బాకీ, 12 శాతం వడ్డీ అయితే ఆరు నెలలకు 6,000 రూపాయలు. దాన్ని నెలనెలా అసలులో కలిపి చక్రవడ్డీ కడితే 6,152 అవుతుంది.

ఈ వడ్డీ మీద వడ్డీ న్యాయమా అని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగా 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, 2 కోట్ల లోపు అప్పులకు చక్రవడ్డీకి బారువడ్డీకి మధ్య తేడాను తానే చెల్లిస్తానంది. పైన మన లెక్కలో ఆ తేడా ఎంత? 152 రూపాయలు. నవంబరులో కొందరి ఖాతాల్లో ఇలా వందా రెండు వందలూ పడితే ఎందుకు పడ్డాయో కూడా వాళ్లకు తెలియలేదు. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, మారటోరియం కాలానికి ఎంత పెద్ద అప్పు ఉన్నవారి దగ్గరైనా వడ్డీ మీద వడ్డీ వసూలు చేయకూడదంది. బారువడ్డీని మాఫీ చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. అంటే ఆ 6,000 ఆటో నాన్నే కట్టుకున్నాడు.

ఇంకొక సంగతి. ఈ మారటోరియం రిజర్వు బ్యాంకు మాట వినాల్సిన సంస్థలకే. వీధిలో సంచీ వేసుకుని వచ్చే రోజువారీ ఫైనాన్స్‌కు రిజర్వు బ్యాంకు ఎవరో తెలియదు.

2020 మే 12న ప్రధానమంత్రి 20 లక్షల కోట్ల రూపాయల ఆత్మనిర్భర్ ప్యాకేజీ ప్రకటించారు. మర్నాడు ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ వివరాలు చెప్పారు. వాటిలో వ్యాపారాలకు సంబంధించి అన్నిటికన్నా పెద్దది, 3 లక్షల కోట్ల తాకట్టు లేని రుణాలు. దీనికి ఇ.సి.ఎల్.జి.ఎస్. అని పేరు. తెలుగులో చెప్పాలంటే అత్యవసర రుణ హామీ పథకం. ఇందులో ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు. బ్యాంకు అప్పు ఇస్తుంది, ఆ అప్పు మునిగితే కేంద్రం పెట్టిన హామీ సంస్థ నూటికి నూరు శాతం బ్యాంకుకు చెల్లిస్తుంది. బ్యాంకు వడ్డీ 9.25 శాతం మించకూడదు. నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది అసలు కట్టనక్కరలేదు. షరతులు చూస్తే మంచివే. బ్యాంకుకు భయం పోతే గాని అప్పు పుట్టదు, ఆ భయాన్ని ప్రభుత్వం తన మీద వేసుకుంది. తర్వాత ఈ పథకాన్ని హోటళ్లకు, ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టే ఆసుపత్రులకు కూడా విస్తరించారు. పరిమితిని 5 లక్షల కోట్లకు పెంచారు. 2023 మార్చి 31న ముగిసేసరికి సుమారు 1.19 కోట్ల మంది ఖాతాదారులకు, మూడున్నర లక్షల కోట్లకు పైగా హామీ అందింది. దీనివల్ల నిలబడిన చిన్న కంపెనీలు, వాటిలో ఉద్యోగాలు నిలిచినవాళ్లు లక్షల్లో ఉంటారు. దాన్ని కాదనడం న్యాయం కాదు.

మరి మన బజ్జీల బండికి ఎందుకు రాలేదు? అప్పు ఎంత ఇవ్వాలన్న సూత్రంలోనే జవాబు ఉంది. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉందో దానిలో 20 శాతం కొత్తగా ఇస్తారు. 5 లక్షల బాకీ ఉన్నవారికి లక్ష వస్తుంది. 25 కోట్ల బాకీ ఉన్నవారికి 5 కోట్లు వస్తుంది. బ్యాంకు గడపే తొక్కనివారి బాకీ సున్న. సున్నలో 20 శాతం ఎంతో ఆరో తరగతి తమ్ముళ్లు చెబుతారు.

మా సీనియర్ అన్న ఒకరు అప్పట్లో వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని ఒక బ్యాంకుకు వెళ్లాడు. వాళ్లది చిన్న కిరాణా కొట్టు. జరిగిన సంభాషణ ఆయన చెప్పినట్టే రాస్తున్నాము.

"మీకు పాత లోను ఏమైనా ఉందా?"

"లేదు సార్. ఇంతవరకు ఎక్కడా అప్పు చెయ్యలేదండి."

"అయితే ఈ స్కీము మీకు వర్తించదండి."

ఆ అన్న వాళ్ల నాన్న బయటికొచ్చి, "అప్పు చెయ్యకపోవడం కూడా తప్పేనంటరా?" అన్నాడట. బ్యాంకు ఉద్యోగిది తప్పు కాదు, ఆయన చెప్పింది నిబంధనే. నిబంధన రాసినవారి కళ్ల ముందు ఉన్న వ్యాపారి వేరు. ఆయనకు కరెంటు ఖాతా ఉంటుంది, జి.ఎస్.టి. నంబరు ఉంటుంది, ఆడిటరు ఉంటాడు.

ఇదే కాలంలో ఇతర దేశాలు ఏం చేశాయో రెండు మాటల్లో చెబుతాము. బ్రిటన్‌లో పనివాళ్లను తీసెయ్యకుండా ఇంట్లో కూర్చోబెడితే వాళ్ల జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లు మించకుండా, ప్రభుత్వమే ఇచ్చింది. 2021 సెప్టెంబరు దాకా ఇచ్చింది. అమెరికాలో వ్యాపారులకు ఒక శాతం వడ్డీకి అప్పు ఇచ్చి, అందులో ఎక్కువ భాగం జీతాలకే ఖర్చు చేసినట్టు చూపిస్తే ఆ అప్పును మాఫీ చేశారు. అక్కడా మొదటి విడత డబ్బు రెండు వారాల్లోపే అయిపోయింది. బ్యాంకులతో బాగా పరిచయం ఉన్న పెద్ద హోటల్ కంపెనీలు ముందు వరుసలో నిలబడి తీసుకున్నాయని గోల లేచి, కొన్ని తిరిగి ఇచ్చేశాయి కూడా. వాళ్లంత డబ్బు మన దగ్గర లేదు, నిజమే. వాళ్ల దగ్గర పనివాళ్ల పేర్లన్నీ జీతాల పుస్తకంలో ఉంటాయి, అది కూడా నిజమే. మన దగ్గర జీతాల పుస్తకం ఉన్నచోట సాయం చేయడం సులభమే అయింది. వందమంది లోపు పనివాళ్లు ఉండి, వాళ్లలో 90 శాతం మందికి 15 వేల లోపు జీతం ఉన్న సంస్థలకు 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు పి.ఎఫ్. వాటా యజమానిదీ పనివాడిదీ రెండూ కేంద్రమే కట్టింది. పి.ఎఫ్. లేని చోట అది ఎవరికీ చేరలేదు.

నేరుగా డబ్బు ఇచ్చినవి మన రాష్ట్ర పథకాలు. 2020 జూన్ 4న ఆంధ్రప్రదేశ్‌లో వాహనమిత్ర రెండో విడత కింద సుమారు 2.62 లక్షల మంది ఆటో, ట్యాక్సీవాళ్లకు పదేసి వేలు వేశారు. జూన్ 10న జగనన్న చేదోడు కింద 2,47,040 మందికి పదేసి వేలు వేశారు. వారిలో 1,25,926 మంది టైలర్లు, 82,347 మంది రజకులు, 38,767 మంది నాయీబ్రాహ్మణులు. అదే నెలలో నేతన్ననేస్తం కింద చేనేతవారికి 24 వేల చొప్పున ఇచ్చారు. సెలూన్లు తెరవడానికి జనం భయపడుతున్న రోజుల్లో ఆ పది వేలు ఎంత పని చేసిందో సెలూన్ ఇంటి పిల్లలను అడగండి. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు, లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇచ్చారు. మన రాష్ట్రంలో చిన్న పరిశ్రమలకు 2020 మే నెలలో రీస్టార్ట్ పేరుతో ఒక ప్యాకేజీ ఇచ్చారు. దానిలో పెద్ద భాగం ఏమిటో తెలుసా? గత ప్రభుత్వాల కాలం నుంచి వారికి ఇవ్వాల్సి ఉండి ఇవ్వకుండా పేరుకుపోయిన రాయితీ బకాయిలు. ప్రభుత్వం తాను బాకీ ఉన్నది సకాలంలో చెల్లించినా వ్యాపారానికి అది పెద్ద సాయమేనని దీనివల్ల తెలుస్తుంది.

ఈ పథకాలన్నిటిలో ఒక మాట మాటిమాటికీ వస్తుంది, గమనించారా? 'సొంత'. సొంత ఆటో ఉండాలి. సొంత షాపు ఉండాలి. సొంత మగ్గం ఉండాలి. అద్దె ఆటో తోలేవాడికి, ఇంకొకరి సెలూన్‌లో కుర్చీ దగ్గర నిలబడేవాడికి, షావుకారు మగ్గం మీద నేసేవాడికి లేదు. ఎవరో ఒకరిని గుర్తుపట్టాలి కాబట్టి గీత ఎక్కడో గీయాలి, ఒప్పుకుంటాము. కానీ ఆ గీత కిందే మన ఇళ్లలో చాలా ఉన్నాయి. చేదోడు జాబితాలో చెప్పులు కుట్టేవారి పేరు కూడా లేదు. లాక్‌డౌన్‌లో బట్టలు కుట్టించుకోనివాళ్లు చెప్పులు మాత్రం కుట్టించుకున్నారా?

ఇలా కాగితం లేనివారి కోసం వచ్చిన పథకం ఒకటుంది. 2020 జూన్ 1న కేంద్రం మొదలుపెట్టిన పి.ఎం. స్వనిధి. పట్టణాల్లో వీధుల్లో అమ్ముకునేవారికి తాకట్టు లేకుండా 10,000 రూపాయల అప్పు, ఏడాది గడువు. సరిగా కడితే తర్వాత 20,000, ఆ తర్వాత 50,000. వడ్డీలో 7 శాతం ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. ఫోన్ ద్వారా డబ్బు తీసుకుంటే నెలకు 100 రూపాయల దాకా క్యాష్‌బ్యాక్.

లెక్క వేద్దాం. బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుంటే నెలకు సుమారు 888 రూపాయల వాయిదా. ఏడాదికి మొత్తం వడ్డీ దాదాపు 660. అందులో సుమారు 385 సబ్సిడీగా మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. నికరంగా ఏడాది మొత్తానికి వడ్డీ 275 రూపాయలు. రోజువారీ ఫైనాన్స్ దగ్గర 100 రోజులకే 1,000. ఇంత తేడా ఉన్న సాయాన్ని "అప్పే కదా, ఏం సాయం" అని తీసిపారేసేవారితో మేము ఏకీభవించము.

అయితే వీధి వ్యాపారి అని రుజువేమిటి? 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో సర్వే చేసి, టౌన్ వెండింగ్ కమిటీ పెట్టి, అందరికీ సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఆరేళ్లయినా చాలాచోట్ల అది పూర్తి కాలేదు. సర్టిఫికెట్ చూపమంటే ఎవరి దగ్గరా లేదు. అప్పుడు పథకంలో ఒక దారి పెట్టారు. సర్వేలో పేరు లేనివారికి మున్సిపాలిటీయే సిఫారసు లేఖ ఇవ్వవచ్చు. ఆ లేఖకు వ్యాపారుల సంఘం సభ్యత్వం చూపించవచ్చు, వ్యాపారం కోసం గతంలో తీసుకున్న అప్పు కాగితం చూపించవచ్చు. ఏదీ లేకపోతే తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇస్తే చాలు, మున్సిపాలిటీవాళ్లు వచ్చి విచారించి 15 రోజుల్లో తేల్చాలి.

తెల్లకాగితం! ప్రభుత్వ ఆఫీసుల్లో ఇంత చిన్న మాటకు ఇంత విలువ ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది. మా పరిచయస్తుల్లో ఆ కాగితాలు రాసింది ఎక్కువగా హాస్టల్ పిల్లలే. ఆన్‌లైన్ క్లాసుల కోసమని అప్పుచేసి కొన్న ఫోను అప్పుడు ఆ ఇంట్లో దరఖాస్తు ఆఫీసు అయింది. ఒక అక్క తమ వీధిలో పదకొండు మందికి రాసిపెట్టింది. ఆమె చెప్పింది వింటే ఆశ్చర్యమేస్తుంది. కాగితం రాయడానికి పది నిమిషాలు, ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపించడానికి పది రోజులు. ఓ.టి.పి. వచ్చే నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది అయివుండేది. మరి కొందరికి ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు. పథకం ఢిల్లీలో ఎంత బాగా రాసినా ఇంటి పేరులో ఒక అక్షరం దగ్గర ఆగిపోవచ్చు.

స్వనిధి పట్టణాలకే పరిమితం. పల్లెల్లో తట్ట మీద అమ్ముకునేవారికి అది వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 25న మొదలైన జగనన్న తోడు ఆ లోటును కొంత పూడ్చింది. పల్లె అయినా పట్టణమైనా చిరువ్యాపారులకు 10,000 బ్యాంకు రుణం, సకాలంలో కడితే వడ్డీ రాష్ట్రం భరించింది. దరఖాస్తు గ్రామ సచివాలయంలోనే ఇచ్చేవారు. 2024లో ప్రభుత్వం మారే దాకా నడిచిన పథకం అది.

స్వనిధి మాత్రం ఆగలేదు. 2025 జూలై చివరికి 68 లక్షల మందికి పైగా వీధి వ్యాపారులకు 96 లక్షల రుణాలు, 13,797 కోట్ల రూపాయలు అందాయి. 2025 ఆగస్టు 27న కేంద్ర మంత్రివర్గం దాన్ని 2030 మార్చి 31 దాకా పొడిగించింది. మొదటి రుణం 15,000కు, రెండోది 25,000కు పెంచారు. మూడోది 50,000 అలాగే ఉంది. రెండో రుణం సరిగా తీర్చినవారికి రూపే క్రెడిట్ కార్డు ఇస్తామన్నారు. జబ్బు కోసం వచ్చిన పథకం జబ్బు పోయినా ఉండిపోయింది. ఎందుకంటే అసలు కొరత కరోనాకు ముందు నుంచీ ఉన్నదే.

ఇప్పుడు మన చదువుల సంగతి. పై అప్పులు తీసుకున్నవారిలో కొందరు "ఎలాగూ మాఫీ చేస్తారు" అనే మాట నమ్మి కట్టడం మానేశారు. ఆ మాట చెప్పినవాళ్లు ఇప్పుడు కనిపించరు. వాయిదా కట్టక 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండిబాకీగా రాస్తుంది, వడ్డీ సబ్సిడీ ఆగిపోతుంది. తాకట్టు లేదు కాబట్టి ఇంటికొచ్చి ఏదీ పట్టుకుపోరు. అందుకే అందరూ మరిచిపోతారు. కాని ఆధార్‌తో తీసుకున్న ఆ అప్పు సిబిల్ వంటి సంస్థల రికార్డులో కూర్చుని ఉంటుంది. ఐదేళ్ల తర్వాత కొడుకుకో కూతురికో ఇంజినీరింగ్‌లోనో నర్సింగ్‌లోనో సీటు వచ్చి విద్యారుణానికి వెళ్తే, తల్లో తండ్రో సహరుణగ్రహీతగా సంతకం పెట్టాలి. బ్యాంకు వాళ్ల రికార్డు చూస్తుంది. నాలుగు లక్షల అప్పు అడిగినచోట నాలుగు వేల పాత బాకీ అడ్డం పడుతుంది. గత ఏడాది మన హాస్టల్ నుంచి వెళ్లిన ఒక తమ్ముడికి సరిగ్గా ఇదే జరిగింది. ఫీజు గడువుకు ఆరు రోజుల ముందు విషయం బయటపడింది. పూర్వ విద్యార్థుల్లో బ్యాంకులో పనిచేసే ఒక అన్న కూర్చుని బాకీ కట్టించి, క్లియరెన్సు లేఖ తెప్పించాడు. సీటు నిలిచింది. కరోనా నాటి 10,000 అప్పులో మిగిలిన బాకీ ఎంతో తెలుసా? 3,552 రూపాయలు, దానిమీద వడ్డీ.

అందుకని ఇంటర్ రెండో సంవత్సరం, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నవారు దసరా సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఈ పని పెట్టుకోండి. అమ్మానాన్నల పేరు మీద 2020 తర్వాత ఏ అప్పు ఉందో అడగండి. కోప్పడకుండా అడగండి, అప్పు మాట ఎత్తితే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. మన దేశంలో ఇలాంటి రికార్డులు ఉంచే సంస్థలు నాలుగు ఉన్నాయి. ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. డబ్బులు అడిగే యాప్‌ల జోలికి పోనక్కరలేదు. రిపోర్టులో అప్పు ఎదురుగా 'క్లోజ్డ్' అని ఉంటే సరే. 'సెటిల్డ్' అని ఉంటే, బ్యాంకు కొంత వదులుకుని ముగించిందని అర్థం, తర్వాత అప్పు ఇచ్చేవారు దాన్ని మచ్చగానే చూస్తారు. కాబట్టి స్తోమత ఉంటే మొత్తం కట్టి బాకీ లేదన్న లేఖ తీసుకోవడమే మేలు. కట్టేసినా రిపోర్టులో బాకీ చూపిస్తుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 నుంచి ఉంది.

ఇంతవరకు స్వనిధి తీసుకోని వీధి వ్యాపారులు పట్టణాల్లో ఉంటే, తెల్లకాగితం దరఖాస్తు నమూనా ఒకటి మేము రాసి మెస్ హాలు బయట నోటీసు బోర్డు పక్కన పెట్టాము. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయాలి. ఏ వీధిలో, ఏ గుర్తు పక్కన, ఏ సరుకు, ఎన్నేళ్ల నుంచి అమ్ముతున్నారో రాయాలి. విచారణకు వచ్చినవారికి సాక్ష్యం చెప్పగల ఇద్దరు పక్క వ్యాపారుల పేర్లు కూడా రాస్తే పని తొందరగా అవుతుంది. జెరాక్స్ ఒకటి దగ్గర ఉంచుకుని, దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. 15 రోజులు ఆ తేదీ నుంచే లెక్క.